సొంత పని చేసుకునేవారి ఆర్థిక భద్రత: తరచుగా అడిగే ప్రశ్నలు

టైలర్లు, ఎలక్ట్రీషియన్లు, పెళ్లి ఫొటోగ్రాఫర్లు, ట్యూషన్ మాస్టర్లు, ఇంట్లో కూర్చుని డిజైన్లు చేసి పంపేవారు, చిన్న షాపులవారు... ఆదాయపు పన్ను రిటర్నుల రోజుల్లో వీళ్లంతా అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. ఉద్యోగికి జీతం చేతికి రాకముందే పీఎఫ్, పన్ను, బీమా కోతలు పడిపోతాయి. ఆ కోతల మీద సణుగుతూనే అతను ముసలితనానికి నాలుగు డబ్బులు వెనకేసుకుంటాడు. సొంత పనిలో కోత కోసేవారు ఎవరూ ఉండరు. డబ్బు వచ్చిన రోజే మన చేత్తో మనమే కోసుకోవాలి. ఇక్కడి జవాబులు చాలావరకు ఈ ఒక్క పని చుట్టూ తిరిగేవే.

ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. పన్ను, వడ్డీ రేట్లు 2025-26 ఆర్థిక సంవత్సరానివి.

## పని మొదలుపెట్టే ముందు

ఉద్యోగం మానేసి సొంతంగా పెట్టుకుందామనుకుంటున్నాను. చేతిలో ఎంత ఉంటే ధైర్యం చేయవచ్చు?

రెండు మొత్తాలు కావాలి, రెంటినీ కలపకూడదు. ఒకటి పనికి పెట్టుబడి: అడ్వాన్సు, పరికరాలు, సరుకు. రెండోది ఇంటి ఖర్చు, కనీసం 9 నెలలది. ఇంటి ఖర్చు లెక్కలో అద్దె, కిరాణా, ఈఎంఐలతోపాటు ఏడాదికొకసారి వచ్చేవి కూడా వేయాలి. స్కూలు ఫీజులు, బండి ఇన్సూరెన్సు, సంక్రాంతికి ఊరెళ్లే ఖర్చు, చుట్టాల పెళ్లిళ్లలో చదివింపులు. వీటిని పన్నెండుతో భాగించి నెల ఖర్చులో కలపండి. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే.

కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా సాధారణంగా ఉద్యోగంతోపాటే పోతుంది. కాబట్టి రాజీనామా ఇవ్వకముందే కుటుంబానికి సొంత పాలసీ తీసుకోండి. పీఎఫ్ డబ్బు తీసి షాపు అడ్వాన్సు కట్టే ఆలోచన మానుకోండి. పీఎఫ్‌తోపాటే నడిచే పెన్షన్ పథకంలో 10 ఏళ్ల సర్వీసు నిండితే 58 ఏళ్లకు పెన్షన్ హక్కు వస్తుంది. 9 ఏళ్ల దగ్గర ఉన్నవారు ఒక్క ఏడాది ఆగడం మంచిది.

ఉద్యోగంలో 50,000 వచ్చేది. సొంతంగా కూడా 50,000 వస్తే సమానమే కదా?

కాదు. యజమాని మీ పేరున కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, ఆరోగ్య బీమా, జీతంతో కూడిన సెలవులు అన్నీ పోతాయి. కొత్త పన్ను విధానంలో ఉద్యోగికి దొరికే 75,000 స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చుల లెక్క చూపకుండానే ఆదాయంలోంచి తీసేసే మొత్తం) కూడా వ్యాపార ఆదాయానికి లేదు. జ్వరం వచ్చి నాలుగు రోజులు పడుకుంటే ఆ నాలుగు రోజుల ఆదాయం గాలికే. ఖర్చులన్నీ పోను 65,000 నుంచి 70,000 మిగిలితే అప్పుడు పాత 50,000కు సమానమని నా లెక్క.

నా పేరు మీదే పని చేస్తే అప్పులవాళ్లు ఇంటి మీదికి వస్తారా?

వస్తారు. సొంత పేరుతో, అంటే ప్రొప్రైటర్‌గా చేస్తే చట్టం దృష్టిలో మీరూ మీ వ్యాపారమూ ఒకటే. షాపు అప్పు మీ అప్పే. ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత ఉన్న భాగస్వామ్యం) గానీ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ గానీ పెడితే బాధ్యత సాధారణంగా మీరు పెట్టిన పెట్టుబడికే పరిమితం. అయితే చిన్న కంపెనీకి లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకు మీ వ్యక్తిగత హామీ సంతకం అడుగుతుంది. ఆ సంతకం పెట్టాక రక్షణ చాలావరకు పోయినట్టే. చిన్న పనికి కంపెనీ పెట్టి ఏటా ఆడిట్ ఖర్చు నెత్తికెత్తుకోవడం కన్నా, అప్పు పరిమితిలో ఉంచుకోవడం మేలు.

## తొలి ఏడాదులు

డబ్బు వస్తోంది, కానీ నిలవడం లేదు. ఎటు పోతోందో తెలియడం లేదు.

వచ్చిన డబ్బంతా ఒకే ఖాతాలో పడి, అదే ఖాతాకు ఫోన్‌పే ఉండి, అందులోంచే ఆల్బమ్ ప్రింటింగూ పాల ప్యాకెట్టూ రెండూ కొంటున్నంత కాలం తెలియదు కూడా.

పెళ్లి ఫొటోలు తీసే ఒకాయన లెక్క వేసి చూద్దాం. ఆర్డరు 90,000. బుకింగ్ రోజున 30,000, పెళ్లిరోజు 40,000, ఆల్బమ్ ఇచ్చాక 20,000. ఆయన కంటికి 90,000 సంపాదన. ఇప్పుడు కాగితం మీద పెడదాం. వీడియో తీసిన కుర్రాడికి 12,000, డ్రోన్‌కు 8,000, ఎడిటింగ్‌కు 10,000, ఆల్బమ్‌కు 12,000, కారు, భోజనాలు 3,000. మొత్తం 45,000 ఖర్చు. మిగిలింది 45,000.

ఈ 45,000 కూడా ఇంటికి పోకూడదు. కెమెరా ఏదో ఒకనాడు మూలపడుతుంది, దానికి 5,000. పన్నుకూ బీమా ప్రీమియంకూ 4,500. ముసలితనానికి 9,000. పోగా 26,500. ఇదీ ఆ పెళ్లి మీద ఇంటికి వచ్చే డబ్బు. 90,000కూ 26,500కూ మధ్య ఉన్న ఆ దూరం తెలియకే చాలామంది ‘బాగా సంపాదిస్తున్నాం’ అనుకుంటూ అప్పుల్లో ఉంటారు.

చేయవలసింది పెద్దదేమీ కాదు. మూడు ఖాతాలు: పనిది ఒకటి, ఇంటిది ఒకటి, పన్ను, బీమా, దాపుడు డబ్బుకు ఒకటి. మూడోదానికి ఏటీఎం కార్డు తీసుకోకండి, ఫోనులో యూపీఐకి కలపకండి. పార్టీ డబ్బు పడిన రోజే, ఆ రాత్రి పడుకునేలోపు, వాటాలు మూడోదానికి పంపేయండి. నెలాఖరుకు మిగిలింది దాచుకుందామంటే ఏ నెలా మిగలదు.

నాకు ఒక నెల లక్ష, ఒక నెల సున్నా. నెలకింత అని బడ్జెట్ ఎలా వేసుకోను?

మీకు మీరే జీతం ఇచ్చుకోండి. ఏడాది మొత్తం మీద ఇంటి వాటాగా వచ్చిన డబ్బును పన్నెండుతో భాగించి, వచ్చిన అంకె కన్నా కొంత తక్కువకు జీతం కట్టుకోండి. ఏడాదికి 28 పెళ్లిళ్లు, ఒక్కో పెళ్లికి 26,500 ఇంటి వాటా అనుకుంటే 7,42,000. నెలకు దాదాపు 61,800. ఆయన 50,000 జీతం పెట్టుకుంటే సరిపోతుంది. ప్రతి నెలా 1వ తేదీన పని ఖాతా నుంచి ఇంటి ఖాతాకు 50,000, లక్షన్నర వచ్చిన నెలైనా, రూపాయి రాని నెలైనా.

పెళ్లిళ్ల మీద బతికేవారికి సున్నా నెలలు పంచాంగంలోనే రాసి ఉంటాయి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, పైగా గురు, శుక్ర మూఢాలు. 2026లో అధిక జ్యేష్ఠం ఒకటి తోడు, మే 17 నుంచి జూన్ 15 దాకా. కేటరింగ్ వారు, మండపాలు కట్టేవారు, బ్యాండు మేళం వారు, పురోహితులు ఉగాది నాటికే పంచాంగం ముందు పెట్టుకుని ఎన్ని నెలలు ఖాళీయో లెక్క కట్టుకోవచ్చు. ట్యూషన్ మాస్టర్లకు ఏప్రిల్, మే నెలలూ, ఏసీ మెకానిక్‌లకు వానాకాలం, చలికాలాలూ అంతే.

నా ఆదాయం 12 లక్షల లోపే, పన్ను పడదు. రిటర్ను ఎందుకు వేయాలి?

కొత్త విధానంలో 12 లక్షల వరకు మామూలు ఆదాయంపై రిబేటు (పన్ను తగ్గింపు) వల్ల పన్ను సున్నా అవుతుంది, నిజమే. కానీ ఆ రిబేటు తీసుకోవడానికే రిటర్ను కావాలి. ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్ను వేయడం తప్పనిసరి.

అసలు లాభం వేరే ఉంది. ఉద్యోగికి పే స్లిప్ ఉంటుంది. మన దగ్గర ఉండే రుజువు రిటర్ను ఒక్కటే. ఇంటి లోన్‌కు బ్యాంకు రెండు మూడేళ్ల రిటర్నులు అడుగుతుంది. పెద్ద టర్మ్ పాలసీకి (గడువులోగా మనిషి పోతేనే కుటుంబానికి డబ్బు ఇచ్చే జీవిత బీమా) బీమా కంపెనీ అడుగుతుంది. రోడ్డు ప్రమాదంలో మనిషి పోతే నష్టపరిహారం లెక్కగట్టే ట్రిబ్యునల్ కూడా ఆదాయానికి రుజువుగా వాటినే ముందు చూస్తుంది. ‘నెలకు 60,000 సంపాదించేవాడండీ’ అని భార్య చెప్పే మాట కాగితం లేకపోతే నిలబడటం కష్టం.

చిన్న వ్యాపారాలకు అంచనా ఆదాయ పద్ధతి ఉంది. టర్నోవరు, అంటే ఏడాది మొత్తం అమ్మకాలు, 2 కోట్ల లోపు ఉంటే, నగదుగా వచ్చినదానిపై 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదానిపై 6 శాతం కనీస లాభంగా చూపితే ఖాతా పుస్తకాలు అక్కర్లేదు. డాక్టర్లు, న్యాయవాదులు, ఇంజినీర్లు, ఆర్కిటెక్టుల వంటి వృత్తులవారికి రాబడి 50 లక్షల వరకు, అందులో సగం లాభంగా చూపాలి. కమిషన్ మీద పనిచేసే ఏజెంట్లకు ఈ పద్ధతి వర్తించదు, అది చాలామంది బీమా ఏజెంట్లకే తెలియదు. ఒక హెచ్చరిక: 6 శాతం కనీసం మాత్రమే. అంతకన్నా ఎక్కువ మిగిలితే ఆ ఎక్కువే చూపాలి. పన్ను తగ్గుతుందని తక్కువ చూపిన ఆదాయమే లోన్‌కు వెళ్లిన రోజున మీ ఆదాయం అవుతుంది.

నాకు ఫీజు ఇచ్చేటప్పుడు 10 శాతం పట్టుకుంటున్నారు. ఆ డబ్బు పోయినట్టేనా?

పోదు. అది టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేవారే ముందుగా పట్టుకునే పన్ను, మీ పాన్ మీద ప్రభుత్వానికి జమ అవుతుంది. ఒక సంస్థ ఏడాదిలో మీకు వృత్తి ఫీజుగా 50,000 దాటి ఇస్తే 10 శాతం పట్టుకోవాలి. ఆదాయపు పన్ను సైటులో మీ లాగిన్‌లోని ఫారం 26ఏఎస్‌లో అది కనబడాలి. పట్టుకుని జమ చేయనివాళ్లూ ఉంటారు కాబట్టి మూడు నెలలకోసారి చూసుకోండి. పన్ను పడకపోతే రిటర్ను వేశాక వడ్డీతో సహా వెనక్కి వస్తుంది. ఆ వచ్చినదాన్ని బోనసు అనుకోకండి, అది మీ కష్టార్జితమే, ఆలస్యంగా వచ్చింది.

అడ్వాన్స్ ట్యాక్స్ అంటే ఏమిటి? నాకు వర్తిస్తుందా?

ఏడాది ముగియకముందే వాయిదాల్లో కట్టే పన్ను. టీడీఎస్ పోను ఏడాదికి కట్టవలసిన పన్ను 10,000 లేదా అంతకు మించి ఉంటే వర్తిస్తుంది. జూన్ 15కు 15 శాతం, సెప్టెంబరు 15కు 45, డిసెంబరు 15కు 75, మార్చి 15కు మొత్తం. అంచనా ఆదాయ పద్ధతి ఎంచుకున్నవారు మార్చి 15న ఒకేసారి కడితే చాలు. ఉదాహరణకు 15 లక్షల ఆదాయానికి కొత్త విధానంలో సెస్సుతో కలిపి 1,09,200 అవుతుంది. మార్చిలో ఒక్కసారిగా లక్ష తీయాలంటే గుండె జారుతుంది. నెలకు 9,100 పక్కన పెట్టినవారికి ఆ బాధ లేదు.

జీఎస్టీగా వసూలు చేసిన డబ్బు వాడేసుకున్నాను. పర్వాలేదా?

అది మీ డబ్బు కాదు. మీ చేతి మీదుగా ప్రభుత్వానికి వెళ్లేది. ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం వడ్డీ. బిల్లు డబ్బు పడగానే ఆ భాగాన్ని వేరే ఖాతాలోకి మార్చండి.

అత్యవసర నిధి ఎక్కడ పెట్టాలి? చీటీ వేయవచ్చా?

ఉద్యోగికి 6 నెలల ఖర్చు చాలంటారు, మనకు కనీసం 9. సగం సేవింగ్స్ ఖాతాలో గానీ స్వీప్ డిపాజిట్‌లో (సేవింగ్స్‌లో మిగులు తానే డిపాజిట్‌గా మారి, కావాలంటే తిరిగి వచ్చేది) గానీ, మిగతాది ఫిక్సెడ్ డిపాజిట్‌లో. ఒకే పెద్ద డిపాజిట్‌గా కాకుండా నాలుగైదు చిన్నవిగా వేయండి, అవసరానికి ఒకటి రద్దు చేసుకుంటే చాలు. ఒక్కో బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకు వడ్డీతో కలిపి 5 లక్షల వరకే డిపాజిట్ బీమా ఉంది. చిన్న సహకార బ్యాంకు అర శాతం ఎక్కువిస్తుందని మొత్తం అక్కడే పెట్టకండి.

చీటీ సంగతి. క్రమశిక్షణ నేర్పుతుంది, కాదనను. కానీ అత్యవసర నిధిగా పనికిరాదు. మీకు జబ్బు చేసిన నెలలోనే మరొకరికి కూతురి పెళ్లి ఉంటుంది. ఆయన పాట పెంచుతాడు, మీరు ఇంకా పెంచి చాలా కోల్పోయి ఎత్తుకోవాలి. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం రిజిస్టరైన చిట్టీలో నిర్వాహకుడి కమిషన్ 7 శాతం మించకూడదు. మీ చిట్టీ గ్రూపు రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ‘మా వీధిలో ఆవిడ ఇరవై ఏళ్లుగా నడుపుతోంది, ఎప్పుడూ మాట పోగొట్టుకోలేదు’ అన్నది రిజిస్ట్రేషన్ కాదు. పారిపోయినవాళ్లు కూడా పారిపోయే ముందురోజు దాకా మాట పోగొట్టుకోనివాళ్లే.

## జబ్బు, ప్రమాదం, కుటుంబం

మాకు రేషన్ కార్డు, ఆరోగ్యశ్రీ ఉన్నాయి. మళ్లీ పాలసీ దేనికి?

అర్హత ఉంటే అది గట్టి ఆసరా. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో అదే పథకం ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. కానీ జాబితాలో ఉన్న చికిత్సలకే, జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లోనే. పైగా వ్యాపారం పెరిగి రిటర్నులో ఆదాయం పెరిగితే కార్డు అర్హత పోవచ్చు. అప్పటికి మీకు 45 ఏళ్లు, షుగర్ వచ్చి ఉంటుంది, కొత్త పాలసీ దొరకడం కష్టం, దొరికినా ఖరీదు.

30లలోనే చిన్నదైనా సొంత పాలసీ మొదలుపెట్టండి. పాత జబ్బులకు నిరీక్షణ కాలం (వాటికి క్లెయిము ఇవ్వని కాలం) ఇప్పుడు గరిష్ఠంగా 3 ఏళ్లు. 5 ఏళ్లు ఆపకుండా కడితే, మోసం రుజువైతే తప్ప, ‘ముందే చెప్పలేదు’ అన్న సాకుతో క్లెయిము కొట్టేయకూడదు. అయినా సరే బీపీ, షుగర్ దాచకండి. ఏజెంటు ‘అవన్నీ రాయకండి సార్’ అంటే ఏజెంటును మార్చండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు.

చేయి విరిగి మూడు నెలలు పని చేయలేకపోతే ఎవరు ఇస్తారు?

ఎవరూ ఇవ్వరు. ఆరోగ్య పాలసీ ఆసుపత్రి బిల్లు కడుతుంది, ఇంటి అద్దె కట్టదు. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో చనిపోయినా పూర్తి వైకల్యం వచ్చినా 2 లక్షలు, శాశ్వత పాక్షిక వైకల్యానికి లక్ష. బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్ల వారందరూ తీసుకోవలసిందే. కానీ విరిగి అతికిన చేతికి అందులో పైసా రాదు.

దానికి వ్యక్తిగత ప్రమాద బీమా కావాలి. అందులోనూ తాత్కాలిక పూర్తి వైకల్యం అన్న భాగం ఉందో లేదో అడిగి తీసుకోవాలి. అది ఉంటే పని చేయలేని వారాలకు వారానికింత చొప్పున చెల్లిస్తారు. నిచ్చెన ఎక్కే ఎలక్ట్రీషియన్, బండి మీద తిరిగే మెకానిక్, చేతి పని మీద ఆధారపడిన టైలర్, వీళ్లకు ఇది జీవిత బీమా కన్నా ముందు కావలసినది. ఫారంలో వృత్తి ఉన్నదున్నట్టు రాయండి. ప్రీమియం తగ్గుతుందని ‘ఆఫీసు పని’ అని రాస్తే క్లెయిము రోజున అదే అడ్డం వస్తుంది.

టర్మ్ పాలసీలో బతికి ఉంటే డబ్బు తిరిగి రాదట. దండగ కదా?

తిరిగి వచ్చే పాలసీల్లో కవరు చిన్నది, ప్రీమియం పెద్దది. మీ మీద ఆధారపడినవారు ఉంటే కావలసింది పెద్ద కవరు: అప్పులన్నీ తీరగా, 12 నుంచి 15 ఏళ్ల ఇంటి ఖర్చు మిగలాలి.

అప్పులతో వ్యాపారం చేసేవారికి ఒక సంగతి. 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద పాలసీ తీసుకుంటే ఆ డబ్బు భార్యకూ పిల్లలకే చెందుతుంది, భర్తకు అప్పిచ్చినవారు దాన్ని ముట్టుకోలేరు. పాలసీ తీసుకునేటప్పుడే ఆ ఫారం నింపాలి, తరవాత కుదరదు. అదనపు ప్రీమియం లేదు. అడిగితే తప్ప ఏజెంట్లు చెప్పరు.

మా ఆవిడ కూడా పొద్దుటి నుంచి రాత్రి దాకా షాపులోనే ఉంటుంది. ఆమెకు విడిగా ఏమైనా చేయాలా?

చేయాలి. మన దగ్గర చాలా షాపులు ఇద్దరి కష్టం మీద నడుస్తాయి, ఆస్తులు మాత్రం ఒకరి పేరు మీదే ఉంటాయి. ఆమెకు సొంత బ్యాంకు ఖాతా, సొంత పాన్, సొంత పీపీఎఫ్ (ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు ఖాతా) లేదా ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం) ఉండాలి. ప్రతి నెలా ఆ ఖాతాకు కొంత వెళ్లాలి. ఆమెకూ ఆరోగ్య, ప్రమాద బీమాలు ఉండాలి. ఆమె మంచాన పడితే షాపులో ఒక మనిషిని, ఇంట్లో ఒక మనిషిని జీతానికి పెట్టుకోవాలి, ఆ లెక్క వేసి చూడండి. భార్యకు ఇచ్చే జీతాన్ని పన్ను లెక్కలో ఖర్చుగా చూపాలనుకుంటే మాత్రం ఆడిటరును అడిగి చేయండి. కొన్ని సందర్భాల్లో ఆ ఆదాయాన్ని మళ్లీ భర్త ఆదాయంలోనే కలుపుతారు.

## బాకీలు, అప్పులు

పని చేసి ఇచ్చాను. ఆరు నెలలుగా ‘వచ్చే వారం’ అంటున్నారు. ఏం చేయను?

ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు, ఉందా? ఆన్‌లైన్‌లో ఉచితం, ఆధార్, పాన్ చాలు. డబ్బు అడిగే సైట్లు దళారులవి. సరుకు తయారు చేసే లేదా సేవలందించే సూక్ష్మ, చిన్న సంస్థకు కొనుగోలుదారు లిఖిత ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడింతల చక్రవడ్డీ. ఇంకొకటి, గడువు దాటి, ఆర్థిక సంవత్సరం ముగిసేదాకా చెల్లించకపోతే ఆ కంపెనీ మీ బిల్లును ఆ ఏడాది తన పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోలేదు. ఈ నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. వాళ్ల అకౌంట్స్ విభాగానికి ఈ విషయం గుర్తుచేస్తూ మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి, చాలాసార్లు పని అక్కడే అవుతుంది. కాకపోతే చిన్న సంస్థల బాకీల కోసం ప్రభుత్వం నడిపే పోర్టల్‌లో ఫిర్యాదు. రిజిస్ట్రేషన్ పని ఒప్పుకోకముందే ఉంటేనే వాదన బలంగా ఉంటుంది. కొని అమ్మే వ్యాపారులకు ఈ రక్షణ లేదు.

పెళ్లివారి దగ్గర ఈ చట్టం చూపిస్తే మాత్రం ఊళ్లో మరో పెళ్లికి పిలవరు. అక్కడ ఉపాయం వేరు. చివరి వాయిదా చిన్నదిగా ఉంచండి, అది అందాకే ఆల్బమ్ ఇవ్వండి.

రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను. ఎక్కువా?

నెలకు నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం. మూడు రూపాయలైతే 36. మీ వ్యాపారంలో నికరంగా అంత లాభం లేకపోతే మీరు వడ్డీ వ్యాపారి కోసం పని చేస్తున్నట్టే. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి ఈ అప్పు తీర్చేయండి, వడ్డీ సగానికి పైగా తగ్గుతుంది. బీరువాలో నగలుంచి బయట మూడు రూపాయల వడ్డీ కట్టే ఇళ్లు మన దగ్గర లెక్కలేనన్ని. పరువు అంటారు. ఆ పరువుకు లక్షకు ఏడాదికి 36,000 అవుతోంది.

కొత్తగా పెట్టుబడి కావాలంటే చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ పథకం కింద బ్యాంకులిచ్చే ముద్రా లోన్ చూడండి, తాకట్టు లేకుండా 10 లక్షల వరకు. అందులోని తరుణ్ విభాగంలో తీసుకుని సరిగ్గా తీర్చినవారికి 20 లక్షల దాకా. వెళ్లే ముందు మీ క్రెడిట్ రిపోర్టు (అప్పులు తీర్చిన చరిత్ర) తెప్పించుకోండి, ఒక్కో క్రెడిట్ సంస్థ నుంచి ఏడాదికొకటి ఉచితం. ఎప్పుడో హామీ సంతకం పెట్టిన బావమరిది లోన్ అందులో ఎర్రగా కనిపించవచ్చు.

## పని తగ్గించే వయసు కోసం

నా షాపే నా పింఛను. ముసలితనంలో అమ్ముకుంటే సరిపోదా?

షాపు గది మీ సొంతమైతే దాని విలువ దానికుంటుంది. అద్దె షాపైతే అమ్మడానికి ఉన్నదేమిటి? సరుకు, ఫర్నిచరు, కొంత గుడ్‌విల్. టైలరు దగ్గరికి జనం వచ్చేది ఆ చేతి కోసం, షట్టరు కోసం కాదు. ఆ చేయి ఆగిన రోజు కొనడానికి ఎవరూ రారు.

నేటి ఇంటి ఖర్చు నెలకు 30,000 అనుకుందాం. ధరలు ఏడాదికి 6 శాతం పెరిగితే 25 ఏళ్లకు అదే బతుకుకు నెలకు దాదాపు 1,29,000 కావాలి. నెలకు 10,000 చొప్పున 25 ఏళ్లు మదుపు చేస్తే, 10 శాతం రాబడి లెక్కన 1.3 కోట్ల పైచిలుకు అవుతుంది. 5 ఏళ్లు ఆలస్యంగా మొదలుపెడితే దాదాపు 76 లక్షలే. ఈ 10 శాతం ఎవరూ హామీ ఇచ్చేది కాదు, లెక్క కోసం వేసుకున్నది.

పీపీఎఫ్, ఎన్‌పీఎస్, అటల్ పెన్షన్. వీటిలో నాకు ఏది?

పన్ను కట్టనివారై, 40 లోపు ఉంటే అటల్ పెన్షన్‌తో మొదలుపెట్టండి. 60 నుంచి నెలకు 1,000 నుంచి 5,000 వరకు హామీ. 5,000 కోసం 18 ఏళ్ల వ్యక్తి నెలకు 210, 40 ఏళ్ల వ్యక్తి 1,454 కట్టాలి. అయితే 60 నాటికి ఆ 5,000తో ఏపాటి సరుకులు వస్తాయో ఆలోచించండి. పునాదిగా సరే, ఇల్లు కాదు. 2022 అక్టోబరు నుంచి ఆదాయపు పన్ను చెల్లించేవారికి ఇందులో ప్రవేశం లేదు.

సొంత పని వారికి నేను ముందు చెప్పేది పీపీఎఫ్. ఏడాదికి 500 నుంచి 1.5 లక్షల వరకు, ఎప్పుడు ఎంత కుదిరితే అంత. వడ్డీ 7.1 శాతం, దానిపై పన్ను లేదు. 15 ఏళ్ల గడువు అడ్డంకిగా చూస్తారు గానీ, వ్యాపారం ఇరుకున పడ్డప్పుడు చేయి పెట్టకుండా ఆపేది అదే. అప్పులవాళ్లు కోర్టుకు వెళ్లినా ఈ డబ్బును జప్తు చేయలేరు, పన్ను బాకీలకు మాత్రం మినహాయింపు లేదు. నెలలో 5వ తేదీ లోపు వేస్తే ఆ నెల వడ్డీ వస్తుంది.

ఎన్‌పీఎస్‌లో ఏడాదికి కనీసం 1,000, డబ్బు కొంత షేర్లలోకి వెళ్తుంది కాబట్టి దీర్ఘకాలంలో ఎక్కువ పెరిగే వీలుంది, తగ్గే ప్రమాదమూ ఉంది. బయటికి వచ్చేటప్పుడు కొంత తప్పనిసరిగా పింఛనుగా మార్చుకోవాలి. ప్రభుత్వోద్యోగులు కానివారికి ఆ వాటాను 2025 డిసెంబరులో 40 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. రెండూ ఉంటే మంచిది. ఒక్కటే కుదిరితే, చేతిలో డబ్బు ఆగని మనిషికి పీపీఎఫ్.

నాకు 48. ఇప్పటిదాకా ఏమీ దాచలేదు. ఆలస్యమైపోయిందా?

ఆలస్యమే, కానీ పన్నెండేళ్లు ఉన్నాయి. ముందు ఎక్కువ వడ్డీ అప్పులు తీర్చండి, అంతకన్నా ఖాయమైన రాబడి ఎక్కడా లేదు. తరవాత ఆరోగ్య పాలసీ, ఎంత ఖరీదైనా. ఆ తరవాతే దాపుడు. తొందరలో ‘ఏడాదికి రెట్టింపు’ అనేవాళ్ల వలలో పడేది ఎక్కువగా ఈ వయసువారే. పిల్లల పెళ్లికీ ఇంజినీరింగ్ ఫీజుకూ అప్పు దొరుకుతుంది, ముసలితనానికి ఎవరూ అప్పివ్వరు కాబట్టి ఆ ఖర్చులకు గీత గీయండి. పెళ్లి భోజనంలో మూడు ఐటమ్‌లు తగ్గితే వచ్చే నష్టం ఏమీ లేదు.

60 దాటాక సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో 30 లక్షల వరకు పెట్టవచ్చు. 8.2 శాతం వడ్డీ, మూడు నెలలకోసారి చేతికి వస్తుంది.

ప్రభుత్వ పింఛను వస్తుంది కదా?

అర్హత ఉన్న పేద కుటుంబాలకు వస్తుంది. వృద్ధాప్య పింఛను ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 4,000, తెలంగాణలో 2,016. కారు, భూమి, పన్ను రిటర్నుల వంటివి చూసి అర్హత తేలుస్తారు. దాన్ని లెక్కలో పెట్టుకుని ప్లాను వేసుకోకండి.

నామినీ రాశాను. వీలునామా కూడా కావాలా?

కావాలి. సాధారణంగా నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి, అంతే. హక్కు వీలునామా ప్రకారం గానీ వారసత్వ చట్టం ప్రకారం గానీ తేలుతుంది. వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తెల్ల కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, వాళ్లతోనూ సంతకం చేయిస్తే చెల్లుతుంది. ఆస్తి పొందేవారిని సాక్షులుగా పెట్టకండి. 2025 నవంబరు నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురు దాకా నామినీలను పెట్టవచ్చు.

సొంత పని వారికి దీనితోపాటు ఇంకో కాగితం కావాలి. ఎవరు మనకు ఎంత ఇవ్వాలి, మనం ఎవరికి ఎంత ఇవ్వాలి, ఏ అడ్వాన్సు దేనికి తీసుకున్నాం, షాపు గది అడ్వాన్సు ఎంత, పాలసీలు ఎక్కడున్నాయి, జీఎస్టీ లాగిన్ ఏ ఫోను నంబరుతో ఉంది. ఈ లెక్కలు చాలామందికి నోటికే వచ్చు, కాగితం మీద ఉండవు. మనిషి పోయిన పదో రోజుకు రావలసినవాళ్లు అందరూ వస్తారు, ఇవ్వవలసినవాళ్లు ఒక్కరూ రారు. మూడు నెలలకోసారి, జీఎస్టీ పని చూసుకునే రోజున, ఆ కాగితం కూడా తిరగరాసి ఇంట్లో ఒకరికి చూపించి సంతకం, తేదీ వేసి పెట్టండి.